ఛాంపియన్ హిల్‌లో పదహారో నంబరు

సికింద్రాబాద్ తిరిగొచ్చి నాలుగు రోజులైంది. సూట్‌కేసులో బట్టలు ఇంకా అలాగే ఉన్నాయి గానీ, అన్నిటికంటే పైన పెట్టుకొచ్చిన గులాబీ, నీలం చారల మఫ్లర్ మాత్రం మొదటిరోజే బాబాయి ఇంటికి చేరిపోయింది. "జులైలో ఈ ఉన్ని మఫ్లర్ ఏంటే" అని పిన్ని నవ్వింది. బాబాయి దాన్ని మడతపెట్టి కుర్చీ చేతిమీద వేసుకుని, "మొదట్నుంచీ చెప్పు, ఏదీ వదలొద్దు" అన్నాడు. ఆయనకు చెప్పిందే మరిచిపోకముందు రాసి పెట్టుకుంటున్నాను.

ఆదివారం, ఇల్‌ఫర్డ్

అక్కావాళ్లు ఉండేది లండన్ తూర్పు కొసన, ఇల్‌ఫర్డ్‌లో. వీధి మొదట్లో పంజాబీ వాళ్ల మిఠాయి కొట్టు, దాని పక్కన చేపల కొట్టు, ఎదురుగా మన కూరగాయలు దొరికే దుకాణం. గోంగూర కట్ట రెండు పౌండ్లు. అంటే రెండు వందల రూపాయల పైమాటే. ధర చూసి నేను వెనక్కి పెట్టేస్తుంటే అక్క లాక్కుని బుట్టలో వేసింది. "ప్రతిదీ రూపాయల్లో లెక్కేస్తే ఇక్కడ ఏమీ తినలేవే" అంది. మధ్యాహ్నం గోంగూర పచ్చడి, వేడన్నం, పచ్చి ఉల్లిపాయ. ప్రయాణం బడలిక సగం దాంతోనే తీరిపోయింది.

ఇల్‌ఫర్డ్ పేరు నాకు అక్క పెళ్లి కంటే చాలా ముందే తెలుసు. బాబాయి చెప్పేవాడు. 1948 జులై 31న, స్వతంత్రం వచ్చి ఇంకా ఏడాది నిండకముందే, మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో ఆడింది ఈ ఊళ్లోనే. మనవాళ్లలో చాలామంది కాళ్లకు బూట్లు లేవు. కెప్టెన్ నాగా కొండల నుంచి వచ్చిన తాలిమెరెన్ ఆవో. సారంగపాణి రామన్ ఒక గోల్ కొట్టాడు. రెండు పెనాల్టీలు దొరికితే రెండూ చేజారాయి. 2-1తో ఓడిపోయాం. బాబాయి అప్పటికి పుట్టలేదు. అయినా ఆ రెండు పెనాల్టీల సంగతి చెప్పేటప్పుడు, నిన్న సాయంత్రం జరిగినట్టే తల పట్టుకుంటాడు.

ఆయన గురించి ఇక్కడే కొంచెం చెప్పాలి. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. కుర్రతనంలో ఎడమ వింగ్‌లో ఆడేవాడు. ఒకసారి పెద్ద జట్టు సెలెక్షన్స్‌కి వెళ్లాడు. వచ్చిన కుర్రాళ్లని పేరు పెట్టి పిలవడం ఉండేది కాదట. బనియన్ మీద చాక్‌పీసుతో నంబరు రాసేవాళ్లు. ఆయనది ఇరవై మూడు. సాయంత్రం దాకా ఆడించి, చివర్లో కొన్ని నంబర్లు చదివారు. ఇరవై మూడు చదవలేదు. మర్నాడు పొద్దున మామూలుగా షాపు డ్యూటీకి వెళ్లాడు. ఆ బనియన్ ఉతకడానికి చాలారోజులు మా నానమ్మకి ఇవ్వలేదట.

నన్ను చిన్నప్పుడు లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్లింది ఆయనే. దాన్ని ఎప్పుడూ ఫతే మైదాన్ అనే అంటాడు. ఫుట్‌బాల్ కోచ్ రహీమ్ సాబ్ కథలన్నీ అక్కడి మెట్లమీద కూర్చునే విన్నాను. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలవడం, రహీమ్ తయారు చేసిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలవడం, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం. మేం వెళ్లేనాటికి మెట్లన్నీ ఖాళీ. నూటికి పైగా జనం ఉంటే బాబాయి సంతోషపడేవాడు.

సోమవారం, గ్రీన్ స్ట్రీట్

ఆ రోజు వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ క్లబ్ పాత స్టేడియం ఉన్న చోటు చూద్దామని అప్టన్ పార్క్ వెళ్లాను. గ్రీన్ స్ట్రీట్ మొత్తం పెళ్లి బట్టలు, బంగారం, మామిడిపళ్ల పెట్టెలు. చౌసా పళ్ల పెట్టె ఎనిమిది పౌండ్లు చెప్పాడు. రెండు పెట్టెలైతే పదిహేను. అచ్చం మోండా మార్కెట్ బేరమే.

1904 నుంచి 2016 దాకా వెస్ట్ హామ్ ఆడింది ఇక్కడే. తర్వాత ఒలింపిక్ స్టేడియానికి మారిపోయింది. పాత గ్రౌండ్ కూలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు. బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి, పిల్లల సైకిళ్లున్నాయి. ఎవరో కాపురం ఉంటున్న చోటు, కోపం తెచ్చుకోవడానికేమీ లేదు. కానీ మూలమీద 1966 ప్రపంచకప్ ఎత్తి పట్టుకున్న ఇంగ్లండ్ కెప్టెన్ బాబీ మూర్ విగ్రహం ఉంది. తోటి ఆటగాళ్లు ఆయన్ని భుజాల మీద మోస్తున్నారు. పక్కన బస్టాప్‌లో సంచులతో నిలబడ్డ ఆడవాళ్లు. చాలాసేపు అక్కణ్నుంచి కదల్లేకపోయాను.

టీ తాగుదామని ఆగిన కొట్టాయన గుజరాతీ. మ్యాచ్ ఉన్న శనివారాల్లో సమోసాలు ఎన్ని వేసినా చాలేవి కావట. "ఇప్పుడు శనివారమూ సోమవారమూ ఒకటే" అన్నాడు. టీ పౌండున్నర. అల్లం దండిగా వేశాడు.

మంగళవారం, దారి తప్పి

ఇంత దూరం వచ్చి పెద్ద స్టేడియం టూర్‌కి వెళ్లక డల్విచ్ హామ్‌లెట్ అనే ఈ చిన్న క్లబ్ ఎందుకని బావ అడిగాడు. ఆ పేరే ఆయన వినలేదు. ఇంగ్లండ్‌లో పై నాలుగు డివిజన్లలో 92 క్లబ్బులుంటాయి. వాటి కింద ఉన్నవన్నీ నాన్-లీగ్. అక్కడ ఆడేవాళ్లలో చాలామందికి పగలు వేరే ఉద్యోగాలుంటాయి. జులైలో, సీజన్ మొదలయ్యే ముందు, ఫ్రెండ్లీ మ్యాచ్‌లు ఆడతారు. పాయింట్లుండవు, కప్పుండదు. నేను వెళ్లింది అలాంటిదానికే. నాన్-లీగ్ క్లబ్బులకు అది సెలెక్షన్స్ సీజన్ కూడా అని ఎక్కడో చదివాను. అందుకే వెళ్లాలనిపించింది.

ఫోన్‌లో ‘ఛాంపియన్ హిల్’ అని కొట్టాను. గ్రౌండ్ పేరు అదే. అదే పేరుతో ఒక రోడ్డు కూడా ఉందని నాకు తెలీదు. డెన్మార్క్ హిల్ స్టేషన్‌లో దిగి, సాల్వేషన్ ఆర్మీ కాలేజీ ఎత్తయిన ఇటుక టవర్ పక్కనుంచి ఎక్కుతూ పోయాను. రోడ్డు ప్రశాంతంగా ఉంది. పెద్ద పెద్ద ఇళ్లు, గులాబీ చెట్లు. ఫ్లడ్‌లైట్ స్తంభాలు మాత్రం ఎక్కడా కనపడవు. మ్యాచ్ ఏడూ ముప్పావుకి, అప్పటికే ఆరున్నర. టెన్షన్ మొదలైంది. ఇంటి ముందు మొక్కలకు నీళ్లు పోస్తున్న పెద్దాయన నా మెడచుట్టూ చూశాడు, మఫ్లర్ ఏమైనా ఉందేమోనని కాబోలు. "ఫుట్‌బాలా?" అన్నాడు. తలూపాను. నీళ్ల డబ్బా కింద పెట్టి, గేటు వేసి, నాతోపాటు రోడ్డు మలుపు దాకా నడిచొచ్చి చూపించాడు. డాగ్ కెనెల్ హిల్ దిగి, సూపర్‌మార్కెట్ వెనక్కి వెళ్లాలి. నేను థాంక్స్ చెప్పేలోపే వెనక్కి తిరిగాడు, మొక్కలు ఎండిపోతాయన్నట్టు.

డాగ్ కెనెల్ హిల్ అంటే కుక్కల కొట్టం గుట్ట. ఆ గుట్ట దిగితే సెయిన్స్‌బరీస్, దాని వెనక గ్రౌండ్. పాత గ్రౌండ్ ఇంకా చాలా పెద్దదట. 1933లో ఇక్కడ జరిగిన అమెచ్యూర్ కప్ ఫైనల్‌కి 20,744 మంది వచ్చారు. మన జట్టు ఇల్‌ఫర్డ్‌లో ఓడిన ఆ 1948 ఒలింపిక్స్‌లోనే, దక్షిణ కొరియా ఇక్కడ మెక్సికోను 5-3తో ఓడించింది. తర్వాత స్థలంలో కొంత సూపర్‌మార్కెట్‌కి పోయింది. ఇప్పుడున్న చిన్న స్టేడియం 1992లో తెరిచారు. లోపలికి వెళ్లే దారికి క్లబ్ పాత ఆటగాడు ఎడ్గర్ కెయిల్ పేరు పెట్టారు.

మంగళవారం సాయంత్రం, ఛాంపియన్ హిల్

టికెట్ పది పౌండ్లు. గేటు దగ్గర కూర్చున్న పెద్దావిడ "యూ ఆల్‌రైట్, లవ్?" అంది. రెండు రోజుల్లో నాకు అర్థమైందేమిటంటే, అది మన ‘బాగున్నారా’ లాంటిది. ఆగి జవాబు చెప్పాల్సిన పనిలేదు, మీరూ అదే అంటే చాలు. అన్నాను. మొదటిసారి వచ్చానని ఎలా పసిగట్టిందో, "రైలింగ్ దగ్గర నిలబడు, అక్కడైతే అన్నీ వినపడతాయి" అని చెప్పి పంపింది.

ఒకవైపు కూర్చునే స్టాండ్, మిగతా వైపుల రైలింగ్ పట్టుకుని నిలబడటమే. కుక్కల్ని తెచ్చుకున్నవాళ్లు, ప్రామ్‌లో చంటిపిల్లలతో వచ్చినవాళ్లు, గోల్ వెనక సొంతంగా బంతి ఆడుకుంటున్న పిల్లలు. చేతుల్లో బీరు గ్లాసులు. పెద్ద క్లబ్బుల గ్రౌండ్లలో పిచ్ కనపడే చోట మందు తాగనివ్వరు, 1985 నాటి చట్టం. ఈ స్థాయిలో ఆ ఆంక్ష లేదు. అయినా ఒక్క గొడవ, ఒక్క తోపులాట చూడలేదు. ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. ఫతే మైదాన్‌లో ఆ మెట్లన్నిటి మీదా ఆడపిల్లని నేనొక్కదాన్నే ఉన్న రోజులు గుర్తొచ్చాయి.

చిప్స్ నాలుగు పౌండ్లు. వెనిగర్ పోసి ఇచ్చారు. బజ్జీ మీద నిమ్మకాయ పిండుకునే అలవాటున్న నాలుకకి అది వెంటనే నచ్చింది.

గులాబీ, ముదురు నీలం ఈ క్లబ్ రంగులు. పుట్టింది 1893లో. ఎడ్గర్ కెయిల్ వీళ్లందరి దేవుడు. ఇక్కడ నాలుగు వందలకు పైగా గోల్స్ కొట్టాడు. డబ్బు తీసుకుని ఆడటానికి చివరిదాకా ఒప్పుకోలేదు. 1929లో ఈ చిన్న క్లబ్ నుంచే నేరుగా ఇంగ్లండ్ జట్టుకి వెళ్లి, ఫ్రాన్స్ మీద తొలి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ కొట్టాడు. పదేళ్ల పిల్లలు కూడా గొంతెత్తి ఆయన పేరు పాడుతున్నారు. వాళ్ల తాతలు కూడా ఆయన ఆట చూసి ఉండరు. నాకు రహీమ్ సాబ్ గుర్తొచ్చాడు. మన ఊళ్లో పదేళ్ల పిల్లాడికి ఆ పేరు పాటగా తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

రైలింగ్ దగ్గర నా పక్కన డెబ్భై ఏళ్ల పైబడిన ఒకాయన, మోచేతి కింద పాత లెక్కల పుస్తకం. ప్రతి మ్యాచ్ అందులో రాసుకుంటాడు. 2018 పేజీలు తీసి చూపించాడు. ఆ ఏడాది స్థలం యజమానులతో గొడవొచ్చి క్లబ్‌ని ఇక్కణ్నుంచి వెళ్లగొట్టారు. క్లబ్ పేరు వాడుకునే హక్కు కూడా క్లబ్‌కి లేదన్నారు. కొన్ని మైళ్ల అవతల, టూటింగ్ అండ్ మిచమ్ వాళ్ల గ్రౌండ్‌లో సర్దుకుని ఆడారు. అలా ఇల్లు లేకుండా ఉన్నప్పుడే, మే నెలలో హెండన్‌తో ప్లేఆఫ్ ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్లి గెలిచి పై డివిజన్‌కి ఎక్కారు. ఆ పేజీలో సిరా అలుక్కుపోయి ఉంది. వాన పడిందా అని అడిగాను. కాదన్నట్టు తలూపి పేజీ తిప్పేశాడు. డిసెంబర్‌లో తిరిగి ఈ గ్రౌండ్‌కి వచ్చారు.

ఆ రోజు ఎదుటి జట్టు మరో చిన్న నాన్-లీగ్ క్లబ్ పంపిన కుర్రాళ్లు. పెద్దాయన రెండు జట్ల పేర్లూ రాస్తూ, మధ్యలో కొన్నిచోట్ల ‘ట్రయలిస్ట్’ అని మాత్రం రాశాడు. ట్రయలిస్ట్ ఎ, ట్రయలిస్ట్ బి. క్లబ్ ఇంకా తీసుకోని ఆటగాళ్లు, పరీక్షకి వచ్చినవాళ్లు. మైకులోనూ అలాగే చదివారు. అందరి పేర్లూ చదివి, పదహారో నంబరు దగ్గరికి రాగానే "ట్రయలిస్ట్" అన్నారు. నాకు ఒళ్లు జలదరించింది. ఇరవై మూడు నంబరు బనియన్ కళ్లముందు కనపడింది.

పదహారు ఎడమ వింగ్‌లో ఆడుతున్నాడు. సన్నగా ఉన్నాడు, సాక్సులు సగానికి జారిపోయి. మొదటి పది నిమిషాలు బంతి వచ్చిన ప్రతిసారీ వెంటనే వెనక్కి ఇచ్చేశాడు. భయం. రైలింగ్ దగ్గరుంటే అన్నీ వినపడతాయని ఆవిడ ఎందుకన్నదో అప్పుడు తెలిసింది. లెఫ్ట్ బ్యాక్ ఆ పదహారుతో అంటున్నాడు, గట్టిగా కాదు, దగ్గరికొచ్చి: "నీ ఆట నువ్వాడు, వెనక నేనున్నా."

నాకు రెండు బారల దూరంలో ఆస్పత్రి యూనిఫారంలో ఉన్న ఒకావిడ, మెడలో ఐడీ కార్డు ఇంకా తీయలేదు. ఆట చూడటం లేదు. నేలవైపు చూస్తోంది. జనం అరిచినప్పుడల్లా మాత్రం తలెత్తుతోంది. మీ అబ్బాయా అని అడిగాను. "సిక్స్‌టీన్" అంది, అదే వాడి పేరన్నంత ప్రేమగా. సంచిలోంచి పొట్లం తీసి చేతిలో పెట్టింది. అరటికాయ చిప్స్! మనవాటిలాగే ఉన్నాయి, కొంచెం తియ్యగా. నైజీరియా అట వాళ్లది. డ్యూటీ దిగి నేరుగా వచ్చిందట. పిల్లాడు పగలు గోడౌన్‌లో పనిచేస్తాడట. పేరు అడగబోయి ఆగిపోయాను. వాళ్లు ఇంకా చదవని పేరు నేను ముందే అడగడం ఎందుకనిపించింది.

ముప్పయ్యో నిమిషంలో కార్నర్ వచ్చింది. ఒక్కసారిగా చుట్టూ గలగలమని చప్పుడు. చూస్తే అందరూ జేబుల్లోంచి తాళంచెవులు తీసి పైకెత్తి ఆడిస్తున్నారు. కార్నర్ వస్తే ఇక్కడ అదే ఆచారం. నా హ్యాండ్‌బ్యాగులో సికింద్రాబాద్ ఇంటి గుత్తి ఉంది. గేటు తాళంది, బీరువాది, మేడమీద గదిది, నానమ్మ నాటి ఇనప చెవి ఒకటి. తీసి ఊపాను. ఆ ఇనప చెవి చప్పుడు అన్నిటికంటే బొంగురుగా వచ్చింది. లెక్కల పుస్తకం పెద్దాయన తిరిగి చూసి, "అది తలుపుదా, కోటదా?" అన్నాడు. ఆవిడ మొదటిసారి నవ్వింది.

హాఫ్‌టైమ్‌లో ఇంకో వింత. జట్లు వైపులు మారతాయి కదా, జనం కూడా మారారు. గ్లాసులు, కుక్కలు, ప్రామ్‌లు, జెండాలు అన్నీ తీసుకుని, తమ జట్టు గోల్ కొట్టాల్సిన వైపుకి గ్రౌండ్ చుట్టూ నడిచి వెళ్లారు. ఎదుటి జట్టు మనుషులు ఎదురొస్తే పలకరించుకుంటూ దాటారు. నేనూ వాళ్లతో నడిచాను. ఆవిడ నా పక్కన. పైన కీచుకీచుమని అరుస్తూ రామచిలకల గుంపు ఒకటి ఎగిరిపోయింది. లండన్‌లో చిలకలు! ఇప్పుడు ఇక్కడ వేలల్లో ఉన్నాయట.

ఫ్రెండ్లీ కాబట్టి రెండో సగంలో దాదాపు జట్టంతా మార్చేశారు. పదహారుని మార్చలేదు. అది మంచికో చెడుకో తెలీక ఆవిడా నేనూ ముఖాలు చూసుకున్నాం. తొమ్మిది దగ్గర పడింది, వెలుతురు ఇంకా ఉండగానే ఫ్లడ్‌లైట్లు వేశారు. అప్పటికి ఒకటి ఒకటి.

అప్పుడు వాడు ఎడమ గీత వెంట బంతి తీసుకుని వచ్చాడు. ఎదుటివాడు ఎడమకాలికే కాపు కాశాడు. వాడు ఆగి, లోపలికి తిప్పి, కుడికాలితో ఎత్తి వేశాడు. బంతి గోల్ ముందు సరిగ్గా తొమ్మిదో నంబరు తలమీదికి దిగింది. రెండు ఒకటి. అందరూ తొమ్మిదో నంబరు వైపు పరిగెత్తారు. లెఫ్ట్ బ్యాక్ ఒక్కడు మాత్రం వెనకనుంచి వచ్చి పదహారు తలని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ఆవిడ రైలింగ్‌ని గట్టిగా పట్టుకుంది, వేళ్లు తెల్లబడేలా. అరవలేదు. నా మోచేతిని తట్టింది, అంతే. నేను మాత్రం అరిచాను, తెలుగులో.

ఆట అయ్యాక ఆవిడ కొడుకు కోసం లోపలికి వెళ్లే దారి దగ్గర ఆగిపోయింది. తీసుకుంటారా అని పెద్దాయన్ని అడిగాను. "ఫోన్ చేస్తారు, లేదా చెయ్యరు" అన్నాడు. ఆ ముక్క ఆయనా ఇష్టంగా అనలేదు. పుస్తకంలో గోల్ పక్కన ‘పాస్: ట్రయలిస్ట్ ఎ’ అని రాసి, కొంచెం ఖాళీ వదిలాడు, తర్వాత పేరు నింపుకోవడానికి. మఫ్లర్ కొన్నది అప్పుడే, పన్నెండు పౌండ్లు. రూపాయల్లోకి మార్చుకోలేదు.

బుధవారం, ఇల్‌ఫర్డ్

పొద్దున్నే బాబాయికి వీడియో కాల్ చేశాను. అక్క ఉప్మా కలుపుతూ వింటోంది. గులాబీ రంగు చొక్కాలంటే నమ్మలేదు, ఫోటో పెట్టాను. పదహారో నంబరు కథ చెబుతుంటే మధ్యలో ఆపి, "కుడికాలితో వేశాడా? ఎడమకాలి వాడేనా? సరిగ్గా చూశావా?" అని మూడుసార్లు అడిగాడు. చూశానన్నాను. బలం లేని కాలితోనే ఆడాలని రహీమ్ సాబ్ ప్రత్యేకంగా పోటీలు పెట్టించేవాడని మళ్లీ చెప్పాడు. ఆ కథ నేను వందసార్లు విన్నాను. మళ్లీ విన్నాను.

మొన్న మఫ్లర్ ఇచ్చినప్పుడు అంతా రెండోసారి చెప్పించుకున్నాడు. ఆవిడ సంగతి, తాళంచెవుల సంగతి, పెద్దాయన వదిలిన ఖాళీ సంగతి. తర్వాత కళ్లజోడు పెట్టుకుని క్యాలెండర్ దగ్గరికి వెళ్లాడు. ఆగస్టు మొదట్లో సీజన్ మొదలవుతుందని చెప్పాను కదా, మొదటి మ్యాచ్‌కి జట్టు పేర్లు ఫోన్‌లో వస్తాయా అని అడిగాడు. వస్తాయన్నాను.

"నంబరు మారిపోతుంది. అది చూడకు. ఎడమ వింగ్‌లో ఎవరున్నారో చూసి చెప్పు" అన్నాడు.